అందరి కళ్ళ మధ్యా అరవై నాలుగే

తెనాలిలో నేను పనిచేసిన కళ్ళజోళ్ళ షాపులో ముందు గదికీ వెనక గదికీ మధ్య ఒక ప్లైవుడ్ గోడ ఉండేది. గోడలో చెయ్యి పట్టేంత చిన్న కిటికీ. కౌంటర్లో కూర్చున్నతను ఆ కిటికీలోంచి ఆర్డరు కార్డూ ఫ్రేమూ లోపలికి తోసేవాడు. మేము అద్దాలు అరగదీసి, ఫ్రేములో బిగించి, తుడిచి, అదే కిటికీలోంచి బయటికి ఇచ్చేవాళ్ళం. ఇరవై ఐదేళ్ళ వయసులో ఆ వెనక గదిలో చేరాను. పధ్నాలుగేళ్ళు ఉన్నాను. ఆ పధ్నాలుగేళ్ళలో నా మొహం చూసిన కస్టమర్లు పదిమంది ఉంటే గొప్ప. అది నాకు లోటుగా ఎప్పుడూ అనిపించలేదు. వాళ్ళ మాటలు గోడ అవతలి నుంచి వినపడుతూనే ఉండేవి. ఆ మాటలు విన్నాక మనుషుల్ని కూడా చూడాలన్న కోరిక కలిగేది కాదు.

నాకు పని నేర్పింది ఒక ముసలి సాయిబు గారు. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని, ఆయన నన్ను అమ్మాయ్ అనేవాడు. చేత్తో రాయి తిప్పి అద్దం అరగదీసే కాలం నుంచీ ఆ పనిలో ఉన్న మనిషి. మిషను వచ్చాక కూడా అంచుకి చివరి మెరుగు చేత్తోనే పెట్టేవాడు. చేరిన వారంలోనే నాకు ఒక సంగతి చెప్పాడు. పవరు ఎంత సరిగ్గా ఉన్నా, అద్దం నడిబొడ్డు కంటిపాపకి ఎదురుగా రాకపోతే ఆ కళ్ళజోడు మనిషిని ఇబ్బంది పెడుతుంది. రెండు కంటిపాపల మధ్య దూరం అందరికీ ఒకటే ఉండదు. ఒకరికి యాభై ఎనిమిది మిల్లీమీటర్లు ఉంటే ఇంకొకరికి అరవై ఎనిమిది ఉంటుంది. అందుకే కౌంటర్లో ఉన్నవాళ్ళు చిన్న స్కేలు పెట్టి అది కొలిచి కార్డు మీద రాయాలి. అద్దాన్ని దాని ప్రకారం మేము కోస్తాం.

మాకు వచ్చే కార్డుల మీద మాత్రం ఎప్పుడూ అరవై నాలుగే ఉండేది. మొగవాళ్ళకి అరవై నాలుగు, ఆడవాళ్ళకి అరవై నాలుగు, ఆరో తరగతి చదివే పిల్లకి కూడా అరవై నాలుగు. తెనాలి ఊరూ చుట్టుపక్కల పల్లెలూ మొత్తం కలిపి దేవుడు ఒకే అచ్చులో పోసినట్టు.

కౌంటర్లో ఉన్నతను నాకంటే రెండేళ్ళు చిన్న. నన్ను అక్కా అనేవాడు. చక్కటి గొంతు, ఇస్త్రీ చొక్కా, ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉండే మొహం. లోపలికి అడుగుపెట్టిన ప్రతివాళ్ళకీ అతను ఏదో ఒక చుట్టరికం కలిపేవాడు. పిన్ని గారు, బాబాయ్ గారు, అన్నయ్య గారు. స్కేలు డ్రాయర్లో పడి ఉండేది. దాన్ని బయటికి తీసే తీరిక అతనికి ఉండేది కాదు, ఎందుకంటే మొహం చూసుకునే అద్దం పట్టుకుని నిలబడటమే అతని పని. ఒక ఫ్రేము పెట్టి, అద్దం ముందుకు జరిపి, ఒక అడుగు వెనక్కి వేసి చూసి, "బాబాయ్ గారూ, ఇది పెట్టుకుని మీరు ఆఫీసుల్లోకి వెళ్తే కలెక్టరు గారొచ్చారనుకుని లేచి నిలబడతారండి" అనేవాడు. ఈ మాట రోజుకి ఏడెనిమిది మందికి చెప్పేవాడు. ఏడెనిమిది మందీ నమ్మేవాళ్ళు. గోడ వెనక కూర్చుని ఆ నవ్వులు వింటుంటే, మనిషి చూపు మందగించడం కళ్ళతో మొదలు కాదేమో అనిపించేది నాకు.

పని ఆలస్యమైతే "లోపలోళ్ళు ఇంకా చెయ్యలేదండి" అనేవాడు. కళ్ళజోడు బాగా కుదిరితే మాత్రం "మీకోసం దగ్గరుండి చేయించానండి" అనేవాడు. ఆ దగ్గర అన్నది ఎక్కడో నేను ఎప్పుడూ చూడలేదు.

బాబాయ్ దీనికి ఒక దారి కనిపెట్టుకున్నాడు. పవరు ఎక్కువున్న కార్డు వచ్చినప్పుడల్లా మంచినీళ్ళ వంకతో ముందు గదిలోకి వెళ్ళేవాడు. నీళ్ళ క్యాను కౌంటర్ పక్కనే ఉండేది. గ్లాసు నింపుకుంటూ ఆ మనిషి మొహం ఒక్కసారి చూసి వచ్చేవాడు. వచ్చి అరవై నాలుగు కొట్టేసి అరవై అనో, అరవై ఆరు అనో రాసేవాడు. ఆ చూపుతో ఎంతమంది తలనొప్పులు తప్పించాడో వాళ్ళెవరికీ తెలియదు. దండాలన్నీ కౌంటర్ వైపే వెళ్ళేవి. చేతులు వణకడం మొదలయ్యాక బాబాయ్ పని మానేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను కూడా అలాగే నీళ్ళ వంకతో రెండు మూడు సార్లు ముందుకి వెళ్ళాను. అతను కిటికీ దగ్గరకి వచ్చి, మాటిమాటికీ కౌంటర్ దగ్గరకి రావద్దక్కా, చీర నిండా అద్దాల పొడి, కస్టమర్లు చూస్తారు అని మెత్తగా చెప్పాడు.

నేను ఊరుకోకుండా ఒకరోజు కార్డుల కట్ట తీసుకెళ్ళి అతని ముందు పెట్టాను. అన్నిటి మీదా ఒకే అంకె ఎలా వస్తుందని అడిగాను. అతను కార్డుల వైపు చూడనైనా చూడలేదు.

"ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎవరికి తెలుస్తాయక్కా? మనిషి సంతోషంగా బయటికి వెళ్ళాడా లేదా, అదీ కావాల్సింది."

ఓనరు గారికి కూడా చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నాడు. విని, అతని నోటి వల్లే షాపు నడుస్తోందని, లోపలి పనికి మనుషులు దొరుకుతారు గానీ అలాంటి నోరు దొరకదని అన్నాడు. అది నా మొహం మీదే, నా పనిమీద ఎంతో గౌరవం ఉన్నవాడిలాగే అన్నాడు. ఆ రోజు నుంచి ముందు గదిలో ఉన్నవాళ్ళందరినీ, కౌంటర్ కి అటు కూర్చున్నా ఇటు కూర్చున్నా, ఒకే రకంగా చూడటం మొదలుపెట్టాను. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య ఎవరు ఎక్కువ డొల్లగా ఉన్నారో తేల్చుకోవడం కష్టంగా ఉండేది.

ఆ రోజుల్లోనే బాపట్ల నుంచి ఒక లెక్చరర్ గారు రావడం మొదలుపెట్టారు. కాలేజీలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మా షాపులో ప్రోగ్రెసివ్ అద్దాలు చేయించుకున్నారు. అంటే మధ్యలో గీత కనపడకుండా, పైభాగంలోంచి దూరం, కిందిభాగంలోంచి దగ్గర కనపడే అద్దాలు. వాటిలో సరిగ్గా కనపడే దారి చాలా సన్నగా ఉంటుంది. కొలత తప్పితే కంటిపాప ఆ దారిలో పడదు. నేల ఒక పక్కకి ఒరిగినట్టుంటుంది, చదవాలంటే తల తిప్పుకోవాలి. ఆయన కార్డు మీద కూడా అరవై నాలుగే.

పది రోజులకి ఆయన తిరిగి వచ్చారు. మెట్లు దిగుతుంటే కళ్ళు తిరుగుతున్నాయని చెప్పడం నాకు గోడ వెనక వినపడింది. ఇవి కొత్త రకం అద్దాలు, కళ్ళు అలవాటు పడాలి, ఇంకో పది రోజులు ఓపిక పట్టండి సార్ అని కౌంటర్లో ఉన్నతను చెప్పాడు. కాఫీ తెప్పించాడు. లెక్చరర్ గారు కాఫీ తాగి, అతని పిల్లల చదువులు కనుక్కుని, సంతోషంగా వెళ్ళారు. మళ్ళీ వచ్చారు. ఈసారి కంటి డాక్టరుకి చూపించుకుని వచ్చారు. పవరు సరిగ్గానే ఉందని డాక్టరు చెప్పారట. చూశారా సార్, నేను చెప్పలేదా అన్నాడు ఇతను. మూడోసారి వచ్చినప్పుడు ఆ కళ్ళజోడు కిటికీలోంచి నా చేతికి వచ్చింది. "ఏం చెయ్యొద్దక్కా, తుడిచి ఇచ్చెయ్, సెట్ చేశామని చెప్తా" అని గుసగుసగా అన్నాడు.

నేను తుడిచి ఇచ్చేశాను. అడ్డం తిరగొచ్చు, తిరగలేదు. నా నెల జీతం నాకు కావాలి. పైగా, మూడుసార్లు తిరిగినా అనుమానం రాని మనిషి మీద నాకు జాలి పుట్టలేదు. అంత చదువు చదివి, తన కళ్ళకి ఎలా ఉందో తనకి తెలియక ఇంకొకడు చెబితే నమ్మే మనిషి ఎలా పోతే నాకేం అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే అందులో నాకు ఎక్కువగా కనపడేది నా పిరికితనమే.

కరోనా తగ్గిన ఏడాది ఓనరు గారు బాపట్లలో ఒక చిన్న షాపు తెరిచారు. తెనాలి వదిలి వెళ్ళడానికి కౌంటర్ అతను ఒప్పుకోలేదు. అద్దాలు బిగించడం, అమ్మడం రెండూ ఒకే మనిషి చూసుకోవాలని నన్ను పంపారు. మా ఊరు కొలకలూరు నుంచి పొద్దున్నే బయల్దేరి తెనాలిలో రైలు మారి వెళ్ళేదాన్ని. అలా నేను జీవితంలో మొదటిసారి కౌంటర్ ముందు వైపు కూర్చున్నాను.

కస్టమరు లోపలికి వచ్చి, నన్ను చూసి, నా వెనక గోడ వైపు చూసి, "ఎవరూ లేరామ్మా?" అనేవాడు. నేను ఉన్నానండి అంటే, కాదమ్మా, షాపు వాళ్ళు అనేవాడు. ఒకావిడ సెల్‌ఫోన్లో సీరియల్ నటి ఫోటో చూపించి, ఆ ఫ్రేమే కావాలంది. ఆవిడ మొహానికి అది మరీ పెద్దదని, చెవుల దాకా వస్తుందని చెప్పాను. ఇంకెవరూ ఆమెకి ఎప్పుడూ అంత ఘోరమైన మాట చెప్పనట్టు చూసి వెళ్ళిపోయింది. ఒకాయన ఖరీదైన అద్దాలు వెయ్యమన్నాడు. డాక్టరు చీటీ చూసి, మీకు పేపరు చదువుకోవడానికే కాబట్టి మామూలువి చాలండి అన్నాను. "అంటే నేను పెట్టుకోలేననా?" అన్నాడు ఆయన. నాలుగు రోజుల తర్వాత ఇంకో షాపులో ఆ ఖరీదైనవే చేయించుకుని, పనిగట్టుకుని మా గుమ్మం ముందు నుంచి నడుచుకుంటూ వెళ్ళాడు. వెళ్తూ నా వైపు తల తిప్పి చూశాడు. కనపడిందో లేదో గానీ చూశాడు.

అంతవరకు అబద్ధాలు చెప్పేవాడిదే తప్పనుకునేదాన్ని. బాపట్ల వెళ్ళాక అర్థమైంది, జనం కౌంటర్ దగ్గరికి వచ్చేది ఆ అబద్ధాల కోసమే. కళ్ళజోడు చేతికి అదనంగా వచ్చే వస్తువు.

ఒక మధ్యాహ్నం లెక్చరర్ గారు ఆ షాపులోకి వచ్చారు. నన్ను ఆయన ఎప్పుడూ చూడలేదు. నేను కూడా మనిషిని గుర్తుపట్టలేదు గానీ, నేను బిగించిన కళ్ళజోడుని ఎక్కడ చూసినా గుర్తుపడతాను. ముక్కు దగ్గర రబ్బరు ఊడిపోయిందని, వేసివ్వమని బల్ల మీద పెట్టారు. మోకాలికి కట్టు ఉంది. రైల్వే స్టేషన్లో వంతెన మెట్లు దిగుతూ పడ్డారట. ఆఖరి మెట్టు అయిపోయిందనుకున్నాను, ఇంకోటి ఉంది అని నవ్వుతూ చెప్పారు.

ఆ నవ్వు చూశాక స్కేలు తీశాను. ఒక్క నిమిషం నా నుదురు వైపు చూడండి సార్ అని చెప్పి కొలిచాను. యాభై ఎనిమిది వచ్చింది. మళ్ళీ కొలిచాను. అంతే.

"సార్, ఇవి మీకు మొదట్నుంచీ తప్పండి," అన్నాను. "మీ కళ్ళ మధ్య దూరం కొలవకుండా చేశాం. యాభై ఎనిమిది ఉండాల్సింది, అరవై నాలుగు పెట్టాం. అందుకే మీకు మెట్లు సరిగ్గా కనపడట్లేదు."

ఆయనకి తెనాలిలో ఉన్నవాడి మీద కోపం వస్తుందని ఎదురుచూశాను.

"నువ్వెవరమ్మా?" అన్నారు.

"ఇవి బిగించింది నేనేనండి."

"అయితే తప్పు నీదన్నమాట."

కార్డు మీద ఏ అంకె రాస్తే లోపల అదే పెడతామని, కొలవాల్సింది కౌంటర్లోనని చెప్పాను. ఆయన వినలేదు. ఆ అబ్బాయి తనని మూడుసార్లు కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, సొంత మనిషిలా మాట్లాడాడని, అలాంటివాడు కొలవకుండా ఎందుకు ఉంటాడని అడిగారు.

"మీ కళ్ళ ముందు ఇలా స్కేలు పెట్టాడాండి?"

ఆయన ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు. తర్వాత, "పెట్టలేదు. అనుభవం ఉన్నవాళ్ళు చూపుతోనే చెప్పేస్తారు" అన్నారు.

అక్కడే తెనాలిలో ఆ అబ్బాయికి ఫోన్ చేశారు. స్పీకరు పెట్టి, ఫోన్ మొహానికి దూరంగా పట్టుకుని గట్టిగా మాట్లాడే అలవాటు కాబట్టి అవతలి మాటలు నాకూ వినపడ్డాయి. అతను ముందు మోకాలి సంగతి అడిగాడు. చాలా బాధపడ్డాడు. ఆ తర్వాత, ఆవిడ లోపల పనిచేసే మనిషి సార్, కస్టమర్లతో మాట్లాడటం రాదు, అద్దాలు కోసింది కూడా ఆవిడే, నేను మాట్లాడతాను, మీరేం మనసులో పెట్టుకోకండి అన్నాడు. అందులో అబద్ధమని వేలు పెట్టి చూపించగలిగిన మాట ఒక్కటి కూడా లేదు. లెక్చరర్ గారు కళ్ళజోడు తీసుకుని, రబ్బరు కూడా వేయించుకోకుండా వెళ్ళిపోయారు.

మర్నాడు ఓనరు గారు వచ్చారు. నేను తెనాలి షాపులోంచి లెక్చరర్ గారి పాత కార్డు తెప్పించి ఉంచాను. దాని మీద కౌంటర్ అతని చేతిరాతతో అరవై నాలుగు స్పష్టంగా ఉంది. ఓనరు గారు దాన్ని చూశారు. మడిచి జేబులో పెట్టుకున్నారు.

"కార్డు మీద ఏముందో కాదమ్మా," అన్నారు. "మన తప్పు మనమే వెళ్ళి కస్టమరు చెవిలో వేస్తామా ఎక్కడన్నా?"

ఆయన చెప్పిన ఉపాయం ఇది. అదే రకం అద్దాలు కొత్తగా తెప్పిస్తారు. నేను లెక్చరర్ గారి ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పి, రబ్బరు వేసి శుభ్రం చేసి ఇస్తామని కళ్ళజోడు తెచ్చి, యాభై ఎనిమిది ప్రకారం కొత్త అద్దాలు బిగించి తిరిగి ఇవ్వాలి. అద్దాలు మార్చినట్టు మాత్రం చెప్పకూడదు. చెబితే మొదటివి తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. నేను ఒప్పుకున్నాను. ఆయన ఇంకోసారి మెట్ల మీద పడకుండా ఉంటే చాలని మనసుకి చెప్పుకున్నాను.

ఆయన ఇల్లు షాపుకి దగ్గరే. కొత్త అద్దాలు వచ్చాక వెళ్ళి క్షమాపణ చెప్పాను. కళ్ళజోడు తెచ్చాను. ఆ పని నేను చేసినవాటిలో మంచి పనుల్లో ఒకటి, కంటిపాప ఎత్తు కూడా ఆయన షాపుకి వచ్చిన రోజు చూసినదాన్ని గుర్తుపెట్టుకుని సరిచేశాను. సాయంత్రం తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన పెట్టుకుని పేపరు చేతిలోకి తీసుకున్నారు. తల తిప్పకుండా చదివారు. లేచి వరండా మెట్లు మూడూ దిగారు, దేన్నీ పట్టుకోకుండా మళ్ళీ ఎక్కారు. ఆయన మొహం తేటపడటం నేను చూశాను. నా పని ఒక మనిషి మొహం మీద చూడటం అదే మొదటిసారి.

"చూశావా అమ్మా," అన్నారు. "అలవాటు పడాలి సార్ అన్నాడు ఆ అబ్బాయి. ఇప్పటికి అలవాటు పడ్డాయి కళ్ళు."

"అవునండి," అన్నాను.

ఆయన నన్ను కూర్చోమని, కొంచెం మాట తీరు నేర్చుకోవాలమ్మా, పని ఒక్కటే చాలదు అని ప్రేమగానే చెప్పారు. నేర్చుకుంటానండి అన్నాను. ఇంటికి వెళ్ళేటప్పుడు రైల్లో కిటికీ పక్కన కూర్చుని కౌంటర్ అతన్ని, ఓనరు గారిని, లెక్చరర్ గారిని వరసగా అసహ్యించుకుంటూ వచ్చాను. తెనాలి దగ్గరికొచ్చాక ఆ వరసలో నేను కూడా ఉన్నానని తోచింది. అవునండి అన్న మాట ఎంత తేలిగ్గా వచ్చిందో అదే పదే పదే గుర్తొచ్చింది.

నేర్చుకుంటానన్నాను కదా, నేర్చుకున్నాను. ఏడాది తిరిగేసరికి ఓనరు గారు రేపల్లెలో ఇంకో షాపు పెట్టి, ఈసారి నా నోరు చూసే అక్కడికి మార్చారు. కొలవడం నేను మానలేదు. కానీ కొలత మంచిదని చెబితే ఎవరికీ పట్టదు, కొలవడాన్ని ఒక మర్యాదలా చేస్తే అందరికీ నచ్చుతుందని కనిపెట్టాను. స్కేలు రెండు చేతులతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి కొలిచి, "మీ కళ్ళు ప్రత్యేకంగా ఉన్నాయి వదిన గారూ, ఈ కొలత నేను చాలా తక్కువ చూశాను" అనేదాన్ని. చాలామందికి వచ్చే అరవై రెండుకి కూడా అదే అనేదాన్ని. పక్కన ఉన్న చుట్టాల వైపు ఆవిడ గర్వంగా తిరిగి చూసేది. అమ్మకాలు పెరిగాయి. నేను అందరూ మెచ్చుకునే మనిషినయ్యాను. వెనక గది దుమ్ములో పధ్నాలుగేళ్ళు కూర్చున్నదాన్నని ఎవరికీ తెలియదు, నేను కూడా చెప్పుకోలేదు.

ఒకరోజు నిజాంపట్నం వైపు నుంచి వలలు అల్లే పెద్దాయన ఒకాయన వచ్చాడు. డాక్టరు చీటీ బల్ల మీద పెట్టాడు. నేను మామూలుగానే బాబాయ్ గారూ అని మొదలుపెట్టి, ఆయన మొహానికి ఏ ఫ్రేము అందమో చెప్పబోయాను. ఆయన చేత్తో ఆపాడు.

"అయ్యన్నీ వద్దమ్మా. కనపడితే చాలు."

సంచిలోంచి వల ముక్క, దారం ఎక్కించిన వల సూది తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పని చేసేటప్పుడు వల ఎంత దూరంలో ఉంటుందో చూసి అద్దాలు ఇమ్మన్నాడు. నేను పరీక్ష అద్దాలు ఒక్కొక్కటే మార్చి పెడుతుంటే ఆయన నాలుగు వల కన్నులు అల్లి చూసి, కాదు, ఇంకొంచెం దూరం అనేవాడు. మళ్ళీ అల్లేవాడు. అద్దంలో ఒక్కసారి కూడా మొహం చూసుకోలేదు. మా ఇద్దరి మధ్యా గంటలో ఇరవై మాటలు కూడా జరగలేదు. చివరికి ఒకటి కుదిరింది. ఆయన వేళ్ళు వేగం అందుకున్నాయి. తల ఎత్తకుండా, ఇదీ అన్నాడు. ఉన్నవాటిలో మామూలు ఫ్రేము ఒకటి తీసుకుని వెళ్ళాడు.

ఆయన వెళ్ళిన వెంటనే ఇంకొకాయన వచ్చి కూర్చున్నాడు. నేను ఒక ఫ్రేము పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి, కలెక్టరు గారి మాట అన్నాను. అది నా మాట కాదు. నేను గోడ వెనక కూర్చుని ఏళ్ళ తరబడి వెక్కిరించుకున్న మాట. ఆయన పొంగిపోయి నవ్వాడు.

నెల రోజుల తర్వాత ఓనరు గారిని నన్ను మళ్ళీ లోపలికి పంపమని అడిగాను. లోపల అంటూ ఇప్పుడేం లేదమ్మా అన్నారు. కోత పని మొత్తం విజయవాడలో పెద్ద మిషనుకి ఇచ్చేశారట, తెనాలిలో వెనక గది గోడ తీసేసి షోరూము పెంచారట. నాలాంటి మాటకారిని వదులుకోవడం ఆయనకి నిజంగానే కష్టంగా ఉంది. నేను మానేశాను. తెనాలిలో మూలపడిన పాత మిషను ఒకటి కొనుక్కుని, కొలకలూరులో మా ఇంటి వెనక వైపు గదిలో బిగించాను. ఇప్పుడు నాలుగు షాపులకి అద్దాలు కోసి ఇస్తున్నాను. కార్డులు ఫోన్లో ఫోటోలుగా వస్తాయి. కొలిచినట్టు నమ్మకం కలగని కార్డు వస్తే ఫోన్ చేసి, మనిషిని మళ్ళీ పిలిచి కొలవమని చెబుతాను. ఒక షాపు నాకు పని ఇవ్వడం మానేసింది. మిగతావాళ్ళు సణుక్కుంటూ కొలుస్తున్నారు. మా వీధిలోవాళ్ళు నేరుగా నా దగ్గరికే వస్తే షాపుకి వెళ్ళమంటాను. ఇంత గీర ఏంటి ఈవిడకి అనుకుంటారు. అనుకోనిస్తాను.

పోయిన వేసవిలో తెనాలి కౌంటర్ అతను నా దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు అతనికి సొంత షాపు ఉంది, జనంతో కిటకిటలాడుతుంది. స్కూటరు దిగి, ఇల్లు బాగుందక్కా అని, పిల్లలు ఎలా ఉన్నారని అడిగి, మంచినీళ్ళు తాగి, జేబులోంచి ఒక ఫ్రేమూ చీటీ తీశాడు. అతని కళ్ళకి రాసిన చీటీయే. నలభై దాటాయి, దగ్గరి అక్షరాలు కనపడటం లేదు.

"నాకు మాత్రం సరిగ్గా కొలువక్కా," అన్నాడు.

సిగ్గుపడుతూ అనలేదు. దర్జీకి చొక్కా కొలత చెప్పినట్టు మామూలుగా అన్నాడు. నేను స్కేలు తీసి ఎదురుగా కూర్చుని, నా నుదురు వైపు చూడమన్నాను. కొలుస్తున్నంతసేపూ అతను నోరు మెదపలేదు. ఇన్నేళ్ళలో అతను అంతసేపు మాట్లాడకుండా ఉండగా నేను చూడటం అదే మొదటిసారి. కొలత రాసుకున్నాక అడిగాడు.

"నా మీద కోపం ఉందా అక్కా?"

"కోపం లేదు," అన్నాను.

అది నిజమే. కోపం రావాలంటే ఎదుటి మనిషిని కాస్తయినా లెక్కలో పెట్టుకోవాలి. అతనికి ఆ తేడా చెప్పే పని నేను పెట్టుకోలేదు. అద్దాలు ఆ మధ్యాహ్నమే కోశాను. అంచు మెరుగు చేత్తోనే పెట్టాను, ఎవరి కళ్ళకైనా నేను చేసే పని అదే. అతను పెట్టుకుని గోడకున్న క్యాలెండర్లో తిథులు గబగబా చదివాడు. పిల్లాడిలా సంబరపడ్డాడు. నా షాపుకి వచ్చి కౌంటర్లో కూర్చో అక్కా, నీకు ఇప్పుడు మాట కూడా వచ్చింది అన్నాడు. రానని చెప్పాను. బతిమాలలేదు. గుమ్మం దగ్గర ఆగి, స్కూటరు అద్దంలోకి వంగి మొహం అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"ఎలా ఉన్నాయక్కా నాకు?" అన్నాడు.

ఆ ఫ్రేము అతని మొహానికి ఏమాత్రం నప్పలేదు. బాగున్నాయని చెప్పాను.